చలికి కణితి లొంగుతుందా?

కాలేయం దేహంలోని చక్కెరకు కోశాగారం. భోజనానంతరం మిగిలిన గ్లూకోజును అది గ్లైకోజెన్ రూపంలో దాచి, అవసరమైనప్పుడు రక్తంలోకి విడుదల చేస్తుంది. ఆ కాలేయంలో పుట్టే క్యాన్సరు తొలిదశలో దాదాపు కానరాదు. అందువలన చాలామంది ఆలస్యంగా వైద్యుని చేరుతారు. అట్టివారికి ‘చన్నీటి స్నానంతో కణితి కరుగుతుంది’ అన్న మాట వినిపిస్తే ఆశ కలగడం సహజం. ఆ ఆశకు శాస్త్రంలో ఆధారమెంత?

బొత్తిగా లేకపోలేదు. క్యాన్సరు కణాలు మామూలు కణాలకంటె ఎంతో ఎక్కువ గ్లూకోజును వాడుకొంటాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బర్గ్ 1920ల దశకంలోనే గమనించాడు. ఇక చలి సోకినప్పుడు దేహంలో మేలుకొనేది గోధుమవన్నె కొవ్వు. మెడ, భుజాల పరిసరాలలో ఉండే ఈ కొవ్వు చక్కెరను దహించి వేడి పుట్టిస్తుంది. ఇది పసివారిలోనే కాక పెద్దవారిలోనూ పనిచేస్తుందని 2009లో రుజువైంది.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2022లో ప్రకటించిన ప్రయోగంలో ఈ రెండు విషయాలూ కలిశాయి. కణితులున్న ఎలుకలను 4 డిగ్రీల చలిలో ఉంచగా, 30 డిగ్రీలలో ఉన్నవాటికంటె కణితులు మెల్లగా పెరిగాయి. ఆ ఎలుకలు దాదాపు రెట్టింపు కాలం బ్రతికాయి. గోధుమవన్నె కొవ్వు చక్కెరను ముందే లాగుకొనగా కణితికి ఆకలి మిగిలిందన్నమాట. చక్కెరనీరు పట్టించినప్పుడు ఆ మేలు కనిపించలేదు.

అయితే అమెరికాలోని బఫెలో నగర పరిశోధకులు 2013లోనే దీనికి భిన్నమైన ఫలితాన్ని చూపి ఉన్నారు. ప్రయోగశాలల్లో పరిపాటియైన 22 డిగ్రీలు మనకు హాయి, ఎలుకకు మాత్రం చలి. ఆ చలిలో రోగనిరోధక శక్తి మందగించి, 30 డిగ్రీలలో కంటె కణితులు వేగంగా పెరిగాయి. కొద్దిపాటి చలి ఒక తీరు, గడ్డకట్టించే చలి మరొక తీరు!

పైగా కాలేయపు కణితుల స్వభావం వేరు. గ్లూకోజు వాడకాన్ని బట్టి క్యాన్సరును గుర్తించే పెట్ స్కాను, నెమ్మదిగా పెరిగే కాలేయ కణితులను అనేక సందర్భాలలో పట్టుకోలేదు. అటువంటి కణితి చక్కెర కరవుకు లొంగుతుందని ముందే నమ్మడం తొందరపాటు.

స్వీడన్ ప్రయోగంలో క్యాన్సరు రోగి ఒక్కరే. ఆ వ్యక్తిని వారంపాటు 22 డిగ్రీల గదిలో ఉంచగా, 28 డిగ్రీలలో కంటె కణితి గ్లూకోజు వాడకం తగ్గింది. అదీ రసగ్రంథుల క్యాన్సరే కాని కాలేయానిది కాదు. ఐసునీటి స్నానమూ కాదు. చల్లనినీటిలో ఒక్కసారిగా మునిగితే రక్తపోటు పెరిగి గుండెపై భారం పడుతుంది. ముదిరిన కాలేయవ్యాధిలో కండ కరిగి చిక్కిన రోగికి ఆ భారం మరింత ప్రమాదకరం.