పాత వి.సి.ఆర్. కొనబోయే మిత్రులకు

జపానుకు చెందిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో తయారీ ఆపేశాక కొత్త వి.సి.ఆర్.లు రావడం లేదు. ఇంట్లో పెళ్లి క్యాసెట్ చూడాలంటే పాతదే గతి. రికార్డింగు అక్కర్లేకపోతే వి.సి.పి. చాలు. అది పాల్ పద్ధతిదేనా అని ముందుగా అడగండి. ఎన్.టి.ఎస్.సి. మాత్రమే ఆడించేది ఎంత చవకైనా మన క్యాసెట్లకు పనికిరాదు.

అరంగుళం టేపు, గిర్రున తిరిగే హెడ్ డ్రమ్మును రాసుకుంటూ పోతుంది. హెడ్ అరిగినా, మురికి పట్టినా బొమ్మంతా చుక్కలే. రబ్బరు రోలరు గట్టిపడితే యంత్రం టేపు నమిలేస్తుంది. అందుకే ఎందుకూ పనికిరాని క్యాసెట్ ఒకటి పెట్టి అరగంట ఆడించి చూడాలి. నేను చూడలేదు. అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్టే పెట్టాను. తలంబ్రాల దగ్గర రెండడుగుల టేపు నలిగిపోయింది.

మా పినపాక వానల చెమ్మకు టేపు మీద తెల్లటి బూజు పడుతుంది. అలాంటిది పెడితే హెడ్ కూడా పాడే. రోలరు మార్పించి, మిగతా పెళ్లిని కంప్యూటరులోకి ఎక్కించాను. నాన్న రెండుసార్లు చూశాడు.