తిమ్మిరెక్కించే సైకిలు సీటు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పాతపట్నం. నా వయసు 61. మాస్టారుగా చేసి రిటైరయ్యాను. రోజూ పొద్దున్నే సైకిలు మీద పర్లాకిమిడి దాకా వెళ్ళి రావడం అలవాటు. ఈమధ్య పావుగంట తొక్కేసరికి కూర్చునే చోట తిమ్మిరెక్కిపోతోంది. చిటికెన వేలు వైపు అరచెయ్యి మొద్దుబారుతోంది. దిగాక నడుం పట్టేస్తోంది. మావాడు అమెరికా నుంచి ఒక వీడియో పంపాడు. అందులో ఒకాయన పడక్కుర్చీలో వాలినట్టు కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి మూడు చక్రాల సైకిలు తొక్కుతున్నాడు. అలాంటిది కొంటానంటున్నాడు, లేదంటే సైకిలే మానెయ్యమంటున్నాడు. నాకు సుగరు లేదు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: మాస్టారూ, సైకిలు మానొద్దు. ఈ వయసులో గుండెకీ, తొడ కండలకీ, రాత్రి నిద్రకీ మీరు చేస్తున్న మేలు ఏ మాత్రా చెయ్యలేదు. ఇబ్బందంతా కూర్చునే తీరులో ఉంది.

పీట మీద కూర్చున్నప్పుడు పిరుదుల లోపల రెండు ఎముకలు ఆనతాయి చూడండి, బరువు వాటి మీద పడినంతసేపూ బాధ లేదు. సీటు ముందు భాగం పైకి లేచి ఉన్నా, సీటు మరీ ఎత్తులో ఉన్నా ఆ రెండింటి మధ్యనున్న మెత్తటి చోటు నొక్కుకుంటుంది. పుడెండల్ నరం, దాని వెంట రక్తనాళాలు పోయేది అక్కడే. తిమ్మిరి అందుకే. ముందుకు వంగి హ్యాండిల్ మీద బరువు మోపితే అరచేతిలో అల్నార్ నరం నలుగుతుంది. చిటికెన వేలు మొద్దుబారేది దానివల్ల.

ఒక్క సంగతి మాత్రం జాగ్రత్తగా గమనించండి. దిగిన కాసేపటికే తిమ్మిరి పోతుంటే అది సీటు ఒత్తిడే. సైకిలు ఎక్కని రోజు కూడా అక్కడ స్పర్శ తెలియకపోయినా, మూత్రం రాక ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కాళ్ళలో బలం తగ్గినా అది వెన్నులో నరాల గుత్తి నలిగిపోతున్న గుర్తు. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

మీ ఉత్తరాన్ని బట్టి మీది మొదటి రకమే అనిపిస్తోంది. అయితే కొత్త బండి కొనేముందు స్పానర్ తీయండి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలి. సీటు ఎత్తు అంతే. ముందు భాగం నేలకు సమంగా ఉండాలి, పైకి అసలు లేవకూడదు. హ్యాండిల్ సీటు కంటే కాస్త ఎత్తులో ఉంటే చేతుల మీదా నడుం మీదా భారం తగ్గుతుంది. వెడల్పాటి సీటు వేయించండి. నడుమ నడుమ పెడళ్ళ మీద లేచి నిలబడండి. నెల రోజులు ఇలా తొక్కి చూడండి. చాలామందికి ఇంతతోనే సరిపోతుంది.

సరిపోకపోతే మీవాడు చెప్పింది మంచి మాటే. దాన్ని రికంబెంట్ అంటారు. బరువు వీపంతా, పిరుదులంతా పరుచుకుంటుంది. చేతులు ఊరికే పట్టుకుంటాయి, మెడ ఎత్తి చూడక్కర్లేదు. అదేమీ రోగుల బండి కాదు. 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి పోటీదారు, షార్ల్ మోషే తయారుచేసిన, ఇలాగే వాలి తొక్కే సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్లకు పైగా వెళ్ళి, 1914 నుంచి ఎవరూ దాటని రికార్డును దాటేశాడు. ఒళ్ళు కిందికి వాలి ఉంటే గాలి అడ్డు తగ్గుతుంది మరి. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం దాన్ని పోటీల నుంచి తప్పించింది. పోటీల్లో కనపడని బండిని కంపెనీలు ఎందుకు చేస్తాయి? మన నడుములకు పనికొచ్చే వస్తువు అలా మరుగున పడిపోయిందని నాకు బాధగానే ఉంటుంది.

కానీ మీ దారి సంగతి చూడాలి. మూడు చక్రాల బండిలో మీ తల బాగా కింద ఉంటుంది. లారీ డ్రైవరుకు కనబడాలంటే వెనక పొడుగాటి కర్రకు జెండా కట్టాల్సిందే. గోతిని తప్పిద్దామంటే మూడు చక్రాలు మూడు దారుల్లో పోతాయి, ఏదో ఒకటి పడుతుంది. ఎత్తు వస్తే లేచి నిలబడి తొక్కడం కుదరదు. గేరు బాగా తగ్గించుకుని మెల్లగా ఎక్కొచ్చు, పడిపోతామన్న భయం ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, పాదాలకు పట్టీలు. పాదం పెడల్ మీంచి జారి నేలకు తగిలిందా, కదులుతున్న బండి ఆ కాలిని కిందికి లాగేసుకుంటుంది. చీలమండ విరుగుతుంది. ఊళ్ళో కొట్లో దొరికే సరుకు కాదు కాబట్టి చైను తెగితే ఎవరు బాగుచేస్తారో కూడా ముందే ఆలోచించుకోండి.

ప్రశ్న: మాది మెళియాపుట్టి దగ్గర పల్లెటూరు. మా అమ్మకు 58 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఫిజియోథెరపీలో వాలి కూర్చుని తొక్కే సైకిలు మీద పది నిమిషాలు తొక్కిస్తున్నారు. ఇంటికొచ్చాక నొప్పి ఎక్కువైందని మందుల షాపులో మాత్రలు తెచ్చుకుంటోంది. తొక్కడం ఆపించాలా?

జవాబు: తొక్కడం ఆపొద్దమ్మా, ఆ మాత్రలు ఆపించండి.

అరిగిన మోకాలికి తొడ కండే ఆసరా. ఒంటి బరువు పడకుండా ఆ కండను పెంచడానికి ఈ సైకిలు చాలా మంచిది. వీపుకు దన్ను ఉంటుంది, పడిపోతామన్న బెదురు ఉండదు. మరి నొప్పి ఎందుకొచ్చింది? మామూలు సైకిలు మీద మరీ గట్టిగా తొక్కితే ఒళ్ళే పైకి లేస్తుంది. దీంట్లో వెనక ఆసరా ఉంది కనుక ఎంత బలమైనా పెట్టెయ్యొచ్చు, ఆ భారమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. బిగువు బాగా తగ్గించమనండి. కాళ్ళు తేలిగ్గా, చకచకా తిరగాలి. సీటు మరీ ముందుకుంటే మోకాలు ఎక్కువ ముడుచుకుని చిప్ప ఒరుసుకుంటుంది. పెడల్ దూరంగా పోయినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండేలా సీటు వెనక్కి జరిపించండి. అయిదు నిమిషాలతో మొదలెట్టి నెమ్మదిగా పెంచండి. మర్నాటికి కూడా మోకాలు వాచి ఉంటే ఆ రోజు మానెయ్యాలి.

ఇక మాత్రల సంగతి. అట్ట తిప్పి చిన్న అక్షరాలు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ అన్న పేర్లుంటే అవి కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గించే మందులు. ఎసిక్లోఫెనాక్‌ను పారాసిటమాల్‌తో కలిపి ఒకే బిళ్ళగా కూడా అమ్ముతారు. జ్వరం బిళ్ళే కదా అని మోసపోవద్దు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. అక్కడ ఇన్ని కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పూర్తిగా తేలలేదు. అలాంటి చోట, ఎండలో చెమటోడ్చే మనిషి రోజూ ఈ బిళ్ళలు మింగడం చూస్తే నాకు భయమేస్తుంది. అమ్మకు ఈ వారమే సీరం క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించండి, బీపీ చూపించండి. ఆ రిపోర్టులు డాక్టరుకు చూపించాకే నొప్పికి ఏ మందైనా.

ప్రశ్న: బొబ్బిలి నుంచి రాస్తున్నాను. పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ బలం తగ్గాయి. కర్ర పట్టుకుని నడుస్తున్నాను. మూడు చక్రాల సైకిలు తొక్కొచ్చా?

జవాబు: మొదట ఫిజియోథెరపీ గదిలో కదలకుండా ఉండే రికంబెంట్ మీద సాధన చెయ్యండి. బలమైన కాలు తిరుగుతుంటే బలహీనమైన కాలు కూడా దానితోపాటు కదులుతుంది. ఎడమ పాదాన్ని పట్టీతో పెడల్‌కు కట్టాలి. రోడ్డెక్కే ముందు చూపు పరీక్ష తప్పనిసరి. పక్షవాతం తర్వాత కొందరికి ఎడమ పక్క ఉన్నది కనబడదు, కనబడటం లేదని వాళ్ళకే తెలియదు. అన్నం తినేటప్పుడు కంచంలో ఎడమ పక్కది వదిలేస్తున్నారేమో ఇంట్లోవాళ్ళను అడగండి. అలా ఉంటే రోడ్డు మీదికి వద్దు. చూపు బాగుంటే బ్రేకులన్నీ కుడిచేతి మీటకే కలిపించుకోవాలి.

కాన్పూరు అలింకో సంస్థ చేసే, చేత్తో తిప్పే మూడు చక్రాల బండ్లను క్యాంపుల్లో ఇస్తుంటారు. తీసుకునేముందు ఎక్కి కుడిచేతి ఒక్కదానితో తిప్పడం, మలపడం, ఆపడం మూడూ చేసి చూడండి. చాలా రకాలకు రెండు చేతులూ కావాలి.