చిన్న విమానాల చోదకులు: వేతనం, పదోన్నతి, నిలకడ

మన కొంపల్లి మీదుగా మేడ్చల్ వైపు సాగే నాగపూరు రహదారికి పడమటి దిక్కున దుండిగల్, తూర్పు దిక్కున హకీంపేట ఉన్నాయి. రెండూ వైమానిక దళ శిక్షణకు పేరుపొందిన స్థలాలే. దుండిగల్ అకాడమీకి 1967లో శంకుస్థాపన చేసినవారు హైదరాబాదులోనే జన్మించిన నాటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ గారు. శిక్షణ విమానాల ధ్వని వింటూ చదువుకునే మన విద్యార్థులకు, ఉర్దూలో ‘హవాబాజ్’ అనీ తెలుగులో ‘విమాన చోదకుడు’ అనీ పిలువబడే ఆ వృత్తిపై మక్కువ కలగడం సహజం.

అయితే వైమానిక దళంలో శిక్షణ వ్యయం ప్రభుత్వానిది. పౌర విమానయానంలో అది కుటుంబానిది. అందులోనూ చాలామంది తొలి ఉద్యోగం వెతుక్కునేది చిన్న పట్టణాలను కలిపే ప్రాంతీయ విమాన సంస్థలలో. అక్కడ జీతమెంత, పై మెట్టు ఏది, చోదకులు ఎందుకు నిలవరు అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

వృత్తిలోని మెట్లు

ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి, వైద్య పరీక్షలో నెగ్గి, 18 ఏండ్లు నిండి, 200 గంటలు విమానం నడిపినవారికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిర్వహించే పరీక్షల అనంతరం వాణిజ్య చోదక లైసెన్సు లభిస్తుంది. ఇది మొదటి మెట్టు మాత్రమే. ఆపై ఒక్కొక్క రకం విమానానికి ‘టైప్ రేటింగ్’ అనే ప్రత్యేక అర్హత సంపాదించాలి. చిన్న పట్టణాలకు తిరిగే ఏ.టి.ఆర్. విమానం అర్హతతో పెద్ద ఎయిర్‌బస్ నడపడానికి వీలులేదు. కో-పైలట్‌గా చేరి, 1500 గంటల అనుభవంతో ఉన్నత లైసెన్సు పొంది, సంస్థ పెట్టే పరీక్షలలో నెగ్గిన పిమ్మటనే కెప్టెన్ పదవి దక్కుతుంది.

మొదటి మెట్టుకూ రెండవ మెట్టుకూ నడుమగల అగాధం ఎంతటిదో పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా గారి చరిత్ర తెలుపుతుంది. ఆమె తండ్రి బేకరీలో పనివాడు. దాతల సాయంతో బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో శిక్షణ పొంది లైసెన్సు సంపాదించిన తరువాత కూడా ఆమెకు వెంటనే ఉద్యోగం రాలేదు. తెలంగాణ ప్రభుత్వం 35 లక్షల రూపాయలకు పైగా మంజూరు చేసిన మీదట తదుపరి శిక్షణ పూర్తి చేసి ఆమె విమాన సంస్థలో చేరగలిగారు. లైసెన్సు వేరు, ఉద్యోగం వేరు అనే సత్యం ఇందువల్ల విశదమవుతున్నది.

వేతనం లెక్క

చోదకుని వేతనం సాధారణంగా రెండు భాగాలు: నెలకు ఇన్ని గంటలని హామీ ఇచ్చే మొత్తం ఒకటి, అంతకు మించి ఎగిరిన గంటలకు ఇచ్చేది మరొకటి. విమానం బయలుదేరడానికి కదిలినది మొదలు గమ్యం చేరి ఆగేవరకు గల కాలమే గంటల లెక్కకు వస్తుంది. హైదరాబాదు–కడప వంటి చిన్న మార్గాలలో రెండుసార్లు పోయివచ్చిన చోదకుడు నాలుగు మార్లు ఎక్కించి, నాలుగు మార్లు దింపుతాడు. ఏకధాటిగా నాలుగు గంటలు దూరప్రయాణం చేసే చోదకుడు ఆ పని ఒక్కమారే చేస్తాడు. శ్రమ అంతా ఎక్కడంలోనూ దిగడంలోనూ ఉండగా, లెక్కలో మాత్రం ఇద్దరివీ దాదాపు అవే గంటలు. నడుమ నేలమీద వేచి ఉన్న కాలం ఆ లెక్కలోకి రాదు. విమానం మరమ్మతుకు నిలిచిపోతే అదనపు గంటలూ లేవు. శిక్షణ నిమిత్తం తెచ్చిన అప్పుకు వాయిదా మాత్రం ఆగదు.

మన నగర చరిత్ర నేర్పిన పాఠం

ఈ సమస్య నేటిది కాదు. 1945లో నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో బేగంపేట కేంద్రంగా వెలసిన దక్కన్ ఎయిర్‌వేస్ చరిత్రలోనే దీనికి తార్కాణమున్నది. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ గారిని, స్త్రీ అన్న కారణాన, ఎనిమిది సంస్థలు త్రోసిపుచ్చగా ఈ హైదరాబాదు సంస్థ చేర్చుకున్నది. ఆమె భారతదేశపు తొలి మహిళా వాణిజ్య చోదకురాలు. కాని అవసరమైన గంటలు పూర్తిచేసి, కో-పైలట్ స్థానం నుండి కెప్టెన్ స్థానానికి అవకాశం అడిగినప్పుడు సంస్థ సమ్మతించలేదు. ఆమె వెళ్లిపోయారు. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి పదవీ విరమణ వరకు అక్కడే కొనసాగారు. ఎవ్వరూ తెరవని తలుపు తెరిచిన సంస్థయే, మెట్టు చూపలేక ఆమెను పోగొట్టుకున్నది.

ఆ ఏటనే దక్కన్ ఎయిర్‌వేస్ జాతీయం చేయబడి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. చిన్న పట్టణాల కొరకు 1981లో వెలసిన వాయుదూత్‌కు 1993లో అదే గతి పట్టింది. 2003లో ఎయిర్ దక్కన్ వచ్చి కొద్ది ఏండ్లకే కింగ్‌ఫిషర్‌లో కలిసింది. కింగ్‌ఫిషర్ 2012లో మూతపడినది. హైదరాబాదు కేంద్రంగా 2015లో ఆరంభమైన ట్రూజెట్, ఉడాన్ పథకం క్రింద కడపకు, నాందేడ్‌కు విమానాలు నడిపి 2022లో ఆగిపోయింది. ఆ పథకంలో చార్జీకి పరిమితి ఉండేది. నష్టం పూడ్చే ప్రభుత్వ సాయం మూడేండ్లకే. సాయం తీరిన మార్గంలో సంస్థ నిలవడం కష్టం. సంస్థ నిలవనిచోట చోదకుని జీతం ఎట్లు నిలుస్తుంది?

ఇంకొక చిక్కున్నది. ఈ వృత్తిలో సీనియారిటీ సంస్థకు చెందినదే గాని మనిషి వెంట వచ్చేది కాదు. పదేండ్లు పనిచేసినవాడైనా క్రొత్త సంస్థలో సాధారణంగా జాబితా అడుగున చేరవలసిందే. అందుచేత, ఎప్పటికైనా మారక తప్పదనుకున్నవాడు వయసుండగానే మారిపోతాడు. చిన్న సంస్థ పెద్ద సంస్థలకు శిక్షణశాలగా మిగిలిపోతుంది.

బంధమా, మార్గమా?

చోదకులను నిలుపుకొనడానికి సంస్థలు బాండ్లు వ్రాయించుకుంటున్నాయి. 2017లో ప్రభుత్వం కెప్టెన్లకు ఏడాది, కో-పైలట్లకు ఆరు నెలల ముందస్తు నోటీసు విధించింది. అయినను 2023లో ఆకాశ ఎయిర్ నుండి 43 మంది చోదకులు నోటీసు కాలం పూర్తి చేయకుండానే వెళ్లగా వివాదం న్యాయస్థానానికి చేరింది. అకస్మాత్తుగా విమానాలు రద్దయితే నష్టపోయేది ప్రయాణికుడు గనుక నోటీసు నియమాన్ని మనం తీసిపారవేయలేము. కాని నియమం కాలిని కట్టగలదు గాని మనసును కట్టలేదు.

అమెరికా అనుభవం గమనింపదగినది. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరం సమీపాన కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ విమానం కూలి 50 మంది మరణించారు. విచారణలో కో-పైలట్‌కు గల స్వల్ప వేతనం, చోదకుల అలసట లోకానికి వెల్లడైనవి. తరువాతి చట్టం కో-పైలట్లకు సైతం సాధారణంగా 1500 గంటల అనుభవం తప్పనిసరి చేసింది. చోదకుల కొరత ముదిరిన 2022లో కొన్ని ప్రాంతీయ సంస్థలు కో-పైలట్ తొలి వేతనాన్ని గంటకు 90 డాలర్లకు పెంచాయి. అనుబంధ పెద్ద సంస్థలోకి వరుస ప్రకారం పోయే మార్గాన్ని ఒప్పందాలలోనే వ్రాసి ఇచ్చిన సంస్థలూ అక్కడ ఉన్నాయి. కాబట్టి చోదకుని నిలిపేవి రెండు: సకాలంలో అందే జీతం, వ్రాతపూర్వకంగా కనిపించే పై మెట్టు. వీటిలో ఏది కొరవడినా బాండు కాగితం మాత్రమే.

ఉపసంహారం

ఈ వృత్తి వద్దని మేము చెప్పడం లేదు. ఇంటి స్థలం తాకట్టు పెట్టే ముందు లెక్క చూసుకొమ్మని చెబుతున్నాము. ఫీజు కట్టక మునుపే మొదటి తరగతి వైద్య పరీక్ష చేయించుకోవాలి. టైప్ రేటింగ్ వ్యయం ఎవరిది, బాండు ఎన్నేండ్లు, హామీ గంటలెన్ని, కెప్టెన్ పదవికి నియమమేది అని సంతకానికి ముందే అడగాలి. సంస్థ మూతపడితే అప్పు ఎట్లు తీరుతుందో ఇంటిల్లిపాది కూర్చుని ఆలోచించాలి.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఏటా ఒకమారు బేగంపేట అకాడమీ వారినీ, అనుభవజ్ఞులైన చోదకులనూ, బ్యాంకు అధికారులనూ పిలిపించి ఉర్దూ, తెలుగు మాధ్యమాల విద్యార్థులకూ వారి తల్లిదండ్రులకూ ఈ విషయాలు వివరింపజేయాలి. ఆకాశం వైపు చూడడం మనకు దుండిగల్, హకీంపేటలే నేర్పినవి; అడుగు వేసేముందు నేలను చూసుకొనడం మన కళాశాల నేర్పాలి.