చీకటిలో పుట్టిన వెలుగు పాటలు

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 13:17–22, లూకా 24:13–35, అపొస్తలుల కార్యములు 16:16–34, 1 యోహాను 1:5–7, 2:9–11.
కంఠతా వాక్యము: యోహాను 1:5.



వెలుగును గూర్చియు చీకటిని గూర్చియు మనము పాడు పాటలు ఎన్నో యున్నవి. సాయంకాల ప్రార్థనలో పాడుదుము. క్రిస్మసు దినములలో ఇంటి ముందర నక్షత్ర దీపము వ్రేలాడదీసి పాడుదుము. పునరుత్థాన పండుగనాడు ఇంకను తెల్లవారకముందే క్రొవ్వొత్తులు పట్టుకొని సమాధులయొద్దకు వెళ్లి పాడుదుము. చిన్ననాటినుండి అలవాటైన మాటలగుటచేత నోరు పాడుచుండగా మనస్సు పొలము గట్టు మీదనో అప్పులవాని గుమ్మములోనో తిరుగుచుండును.

ఈ పాటలు వ్రాసినవారును, వాటిని లోకమునకు తెలియజేసినవారును ఎట్టి స్థితిలోనుండిరి? దీపములు నిండిన ఇంటిలో సుఖముగా కూర్చుండి వెలుగును పొగడిరా? ఈ నెల పాఠమునకై లోకమంతట పేరుపొందిన మూడు ఇంగ్లీషు పాటల చరిత్రను తీసికొని, దేవుని వాక్యముతో పోల్చి చూతము. రాత్రివేళ పాటలు పుట్టించువాడు దేవుడని యోబు గ్రంథము 35:10లో చదువుచున్నాము. అది ఎంత నిజమో ఈ మూడు చరిత్రలు చూపించును.

1. త్రోవ తెలియని చీకటి

మొదటి పాట "లీడ్, కైండ్లీ లైట్" అనునది. దయగల వెలుగు తన్ను నడిపింపవలెనని ఒక మనుష్యుడు చేయు ప్రార్థన ఇది. దీనిని వ్రాసినవాడు జాన్ హెన్రీ న్యూమన్. అప్పటికి ఆయన ఇంగ్లాండు సంఘములో యౌవనస్థుడైన పాదిరి. 1833వ సంవత్సరము వేసవిలో సిసిలీ ద్వీపములో ఒంటరిగా ప్రయాణము చేయుచుండగా ఆయనకు కఠినమైన జ్వరము వచ్చెను. బ్రదుకునను ఆశ లేకపోయెను. ఒక పనివాడు మాత్రమే దగ్గరనుండి ఉపచారము చేసెను. కొంత తేరుకొనిన తరువాత స్వదేశమునకు పోవలెనని పలెర్మో రేవులో ఓడకొరకు మూడు వారములు కాచుకొనియుండెను. తుదకు నారింజపండ్లు తీసికొనిపోవు ఓడయొకటి దొరకెను. అదియు గాలి లేక కోర్సికా, సార్డీనియా ద్వీపముల మధ్య కదలక నిలిచిపోయెను. ముందుకు పోలేదు, వెనుకకు రాలేదు. అక్కడనే, జూన్ 16వ తేదీన, ఆయన ఈ పాట వ్రాసెను.

ఆయన ఈ పాటకు "మేఘస్తంభము" అను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆ పేరు నిర్గమకాండము 13వ అధ్యాయములోనిది. ఆ అధ్యాయమును చదువుడి. దగ్గర త్రోవ ఉండగా దేవుడు ఇశ్రాయేలీయులను ఆ త్రోవను నడిపింపలేదు. అరణ్యమార్గమున త్రిప్పెను. ప్రయాణము ఎన్నాళ్లు పట్టునో ముందుగా తెలుపలేదు. అయితే పగలు మేఘము, రాత్రి అగ్ని వారి ముందర నడిచెను. స్తంభము కదలినప్పుడు కదలుట, నిలిచినప్పుడు నిలుచుట, ఇదే వారి పని. న్యూమన్ కోరినదియు ఇంతే. దూరమున నున్నది చూపుమని అడుగలేదు, ఒక అడుగు వేయుటకు చాలిన వెలుగు అడిగెను.

మన పెద్దలు ఆముదపు దీపము చేతపట్టుకొని రాత్రివేళ చేనికి నడచినవారు. ఆ దీపము ఊరి పొలిమేర చూపలేదు. కాలి ముందరి ముల్లును, గట్టు మీది పామును చూపెను. ఆ వెలుగుతోనే వారు చేను చేరిరి, తిరిగి ఇల్లు చేరిరి. కీర్తనల గ్రంథము 119:105లో భక్తుడు వాక్యమును పాదములకు దీపమని చెప్పుటలోని భావము ఇదియే. పిల్లవాని చదువు ఏమగునో, ఈ యేడు వాన కురియునో కురియదో, ఆపరేషను తరువాత భార్య లేచి నడచునో లేదో మనకు తెలియదు. నేడు చేయవలసిన పని మాత్రము సాధారణముగా తెలిసియే యుండును.

ఈ పాటకు 1865లో జాన్ బాకస్ డైక్స్ అను పాదిరి ఒక రాగము కట్టెను. ఆ రాగముతో అది పామరుల నోటికి చేరెను. 1909వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన ఇంగ్లాండులో వెస్ట్ స్టాన్లీ అను ఊరి బొగ్గు గని ప్రేలిపోయి 168 మంది పురుషులును బాలురును చనిపోయిరి. విషవాయువు సోకని ఒక మూలలో కొందరు చిక్కుకొని, చిమ్మచీకటిలో సహాయమునకై ఎదురుచూచుచుండగా, వారిలో ఒకడు ఈ పాట ఎత్తుకొనెను. తక్కినవారు కలిసి పాడిరి. పాట ముగియకముందే వారిలో ఒక బాలుడు గాయములవలన ప్రాణము విడిచెను. మిగిలినవారిని 14 గంటల తరువాత పైకి తెచ్చిరి. సింగరేణి గనులలో పనిచేయు కుటుంబములవారికి ఆ చీకటి ఎట్టిదో మేము చెప్పనక్కరలేదు. ఆ పాట గనిలోని పొగను తీసివేయలేదు, బాలుని బ్రదికింపలేదు. అయినను అది వ్యర్థము కాలేదు. చచ్చువాడును బ్రదుకువాడును ఒకే ప్రార్థనలో నుండిరి.

గాంధీగారికి ఈ పాట మిక్కిలి ప్రియమైనది. నరసింహరావు దివేటియా అను కవి దీనిని గుజరాతీలోనికి మార్చగా ఆశ్రమ ప్రార్థనలలో పాడుచుండిరి. న్యూమన్ 1845లో రోమను కతోలిక సంఘములో చేరెను. అయినను ప్రొటెస్టెంటు సంఘములు ఈ పాటను విడిచిపెట్టలేదు. త్రోవ తప్పుదుమేమో యను భయము అందరికిని ఒక్కటే కదా.

2. ప్రొద్దు గ్రుంకు చీకటి

రెండవది "అబైడ్ విత్ మీ" అను పాట. ప్రభువా, నాయొద్ద నిలిచియుండుము అని వేడుకొనుటయే దాని సారాంశము. దీనిని వ్రాసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ పాదిరిగారు ఇంగ్లాండు సముద్రతీరమున బ్రిక్స్‌హామ్ అను బెస్తవారి ఊరిలో ఇరువది సంవత్సరములకు పైగా సేవ చేసెను. ఆయనకు క్షయరోగము. 1847 సెప్టెంబరులో తన సంఘమునకు కడవరి ప్రసంగము చేసెను. ఆ దినములలోనే ఈ పాట వ్రాతప్రతిని ఇంటివారి చేతికిచ్చెనని ఆయన కుమార్తె తెలియజేసినది. తరువాత వెచ్చని దేశమునకు బయలుదేరి, నవంబరు 20వ తేదీన నీస్ పట్టణములో చనిపోయెను.

ఈ పాటకు మూలము లూకా 24:29. ఇద్దరు శిష్యులు యెరూషలేమునుండి ఎమ్మాయునకు నడచుచుండిరి. ఆశ పోయినది, ముఖములు చిన్నబోయినవి. తమతో నడచువాడు ఎవరో వారెరుగరు. అయినను సాయంకాలమైనది గనుక తమతో ఉండుమని ఆయనను బలవంతపెట్టిరి. ఆయన లోపలికి వెళ్లి రొట్టె విరిచెను. అప్పుడు వారి కన్నులు తెరవబడెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ప్రొద్దు గ్రుంకినది, ఇప్పుడు ప్రయాణము తగదని చెప్పినవారు ఆ ఇద్దరే. ప్రభువును గుర్తెరిగిన ఆ గడియలోనే లేచి, అదే రాత్రి, అదే ఆమడ దూరము తిరిగి నడచిరి. చీకటి తగ్గలేదు, మరింత హెచ్చినది. భయము మాత్రము పోయినది.

మన సంఘములలో ఎవరైన మంచముపట్టి చివరి ఘడియలలో ఉన్నప్పుడు చుట్టు చేరినవారు ఏమి మాటలాడవలెనో తెలియక, "ఏమియు కాదు, లేచి తిరుగుదువు" అని చెప్పుదురు. రోగికి నిజము తెలియును. అబద్ధపు ధైర్యమువలన అతడు ఒంటరియగును. లైట్ పాదిరిగారు సంధ్య వచ్చినదని ఒప్పుకొనెను. రాత్రి రాకూడదని అడుగలేదు, రాత్రియందు తోడు అడిగెను. అట్టి మంచము ప్రక్కన మనము మెల్లగా ఒక కీర్తన పాడి, చేయి పట్టుకొని కూర్చుండుట అనేక మాటలకంటె మేలు.

1861లో విలియం హెన్రీ మాంక్ కట్టిన రాగమున ఈ పాట మన దేశములోను ప్రసిద్ధమైనది. ప్రతి సంవత్సరము జనవరి 29వ తేదీన ఢిల్లీలో సైన్యములు జరుపు బీటింగ్ రిట్రీట్ ఉత్సవములో దీనిని బహుకాలము వాయించిరి. 2022లో ఆ కార్యక్రమమునుండి దీనిని తీసివేసిరి. బ్యాండు వాయించినను మానినను, సంధ్య అందరి ఇంటికిని వచ్చును. ఆ ప్రార్థన మనకు అవసరమే.

3. అన్యాయపు చీకటి

మూడవది సండే స్కూలు పిల్లలు వ్రేలు పైకెత్తి పాడు చిన్న పాట, "దిస్ లిటిల్ లైట్ ఆఫ్ మైన్" అనునది. నాకున్న చిన్న దీపమును దాచక వెలుగనిచ్చెదనని దాని భావము. మత్తయి 5:14–16 దానికి ఆధారము. ఇది పిల్లల పాటయే యని మనము అనుకొందుము. అయితే అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రములో ఒక కూలి స్త్రీ దీనిని ఎట్లు పాడెనో వినుడి.

ఆమె పేరు ఫానీ లూ హేమర్. 1917లో పుట్టెను. ఇరువదిమంది పిల్లలలో కడగొట్టుది. ఆమె తలిదండ్రులు భూస్వామి పొలములో పంట పాలుకు ప్రత్తి పండించు నల్లజాతివారు. ఆరేండ్లకే ఆమెయు ప్రత్తి ఏరుటకు దిగెను. ఆ రాష్ట్రములో నల్లవారు ఓటరుగా పేరు వ్రాయించుకొనకుండ అనేక ఆటంకములు పెట్టియుండిరి. 1962 ఆగస్టు 31వ తేదీన 18 మంది ఒక బస్సులో ఇండియనోలా పట్టణమునకు పోయి పేర్లు వ్రాయించుకొన యత్నించిరి. అధికారి కఠినమైన పరీక్ష పెట్టి పంపివేసెను. తిరిగివచ్చు త్రోవలో పోలీసులు బస్సును ఆపి, దాని రంగు బడి బస్సు రంగువలె ఉన్నదని జరిమానా వేసిరి. లోపలివారు భయముతో వణకుచుండిరి. అప్పుడు హేమర్ ఈ చిన్న పాట ఎత్తుకొనెను. బస్సులోనివారికి ధైర్యము వచ్చెను. ఆ సాయంకాలమే భూస్వామి ఆమెను పిలిచి, పేరు వెనుకకు తీసికొనుము లేదా పొలము విడిచిపొమ్మని చెప్పెను. 18 సంవత్సరములు పనిచేసిన చోటును ఆమె ఆ రాత్రియే విడిచెను.

మరుసటి సంవత్సరము జూన్ నెలలో వినోనా పట్టణములో ఆమెను, తోడివారిని చెరలో వేసి దారుణముగా కొట్టించిరి. ఆ దెబ్బల బాధ ఆమెను జీవితాంతము విడువలేదు. ఆ చెరలో వారు పౌలు సీలలను గూర్చిన పాట పాడిరి. ఫిలిప్పీ చెరసాలలో, బొండలో బిగింపబడిన కాళ్లతో, మధ్యరాత్రివేళ పాడినవారు ఆ ఇద్దరు కదా! ఫిలిప్పీలో చెరసాల నాయకుడు వారి గాయములు కడిగెను. వినోనాలో చెరసాల అధికారి భార్య వీరికి నీళ్లు తెచ్చి ఇచ్చెను. హేమర్ ఆమెను తిట్టలేదు. బైబిలులో రెండు వచనములు చదువుకొమ్మని చెప్పెను. ఒకటి సామెతలు 26:26, దాచిపెట్టిన ద్వేషము సమాజము ఎదుట బయలుపడునని చెప్పునది. రెండవది అపొస్తలుల కార్యములు 17:26, జనములన్నిటిని దేవుడు ఒకే మూలమునుండి పుట్టించెనని చెప్పునది. 1965లో ఓటు హక్కును కాపాడు చట్టము ఆ దేశములో వచ్చెను. అట్టివారి బాధవలననే అది వచ్చినది.

దీపమును కుంచము క్రింద పెట్టకుడని ప్రభువు చెప్పెను. ఆ కుంచము భయమే కావచ్చును. ఊరి పెద్ద ఏమనునో, కూలి పని పోవునేమో యని మనము ఎన్ని మారులు దీపమును కుంచము క్రింద పెట్టితిమి?

4. ఒక హెచ్చరిక

చీకటి అను మాటను తప్పుగా వాడుట కలదు. తెల్లనిది మంచిదనియు నల్లనిది చెడ్డదనియు చెప్పుకొని, నల్లని చర్మముగలవారిని తక్కువగా చూచినవారు క్రైస్తవులమని చెప్పుకొనువారిలోను ఉండిరి. మన ఇండ్లలోను కోడలిని వెదకునప్పుడు రంగు చూచుట మానితిమా? బైబిలులో చీకటి యనగా చర్మపు రంగు కాదు, కులము కాదు. అపొస్తలుడైన యోహాను దానిని తేటగా విప్పి చెప్పెను. వెలుగులో ఉన్నానని చెప్పుకొనుచు తన సహోదరుని ద్వేషించువాడు ఇంకను చీకటిలోనే ఉన్నాడు (1 యోహాను 2:9–11). దీనిని బట్టి చూచిన యెడల ఆ బస్సులో వెలుగు ఎవరియొద్ద ఉండెను, చీకటి ఎవరియొద్ద ఉండెను?

గట్టు తగవు వలన ఒకే గుడిలో రెండు చాపలమీద కూర్చుండి, ఒకరి ముఖమొకరు చూడక, ఇద్దరును గొంతెత్తి వెలుగు పాట పాడుట మేము చూచియున్నాము. సత్యము చెప్పవలెనంటే, అట్టి చాపమీద మేమును కూర్చున్నవారమే. రాగము తప్పలేదు, తాళము తప్పలేదు. పాట మాత్రము అబద్ధమైనది. 1 యోహాను 1:7 ప్రకారము వెలుగులో నడచుటకు గుర్తు మంచి కంఠము కాదు, ఒకనితో ఒకనికి గల సహవాసము.

కాబట్టి ప్రియులారా, చీకటి వచ్చినప్పుడు పాట మానకుడి. ఆ పాటలు పుట్టినది అక్కడనే. పాట పాడిన తరువాత ఒక అడుగు వేయుడి. ఆ అడుగు రోగి మంచము వైపునకో, అన్యాయము పొందినవాని ప్రక్కకో, మాటలాడుట మానిన సహోదరుని గుమ్మమునకో కావచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దేవుడు ఇశ్రాయేలీయులకు త్రోవయంతయు ముందుగా ఎందుకు చూపలేదు?
2. ఎమ్మాయు శిష్యులు రాత్రివేళ తిరిగి నడచుటకు వారికి ధైర్యమెక్కడిది?
3. మన సంఘములో దీపమును కప్పిన కుంచము ఏది?
4. ఈ వారము మీరు ఎవరి గుమ్మము త్రొక్కవలసియున్నది?

ప్రార్థన

వెలుగై యున్న తండ్రీ, మా ముందరి అడుగుకు చాలిన వెలుగు దయచేయుము. మా సంధ్యవేళ మాతో ఉండుము. భయముచేత మేము దాచిన దీపమును బయట పెట్టుటకు బలమిమ్ము. మేము ద్వేషించిన సహోదరునియొద్దకు మమ్మును నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.