ఊక బూడిదతో సిమెంటు ఇటుక గట్టిది, బెల్లం మాత్రం వద్దు

సుల్తానాబాద్, పెద్దపల్లి, జమ్మికుంట దారుల్లో ఉప్పుడు బియ్యం మిల్లుల వెనుక బూడిద కుప్పలు చూడని రైతు లేడు. గాలి తిరిగితే కండ్లల్ల పడుతుంది, పక్క చేలపై పేరుకుంటుంది. క్వింటాలు వడ్లు ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, ఆ ఊక కాలిస్తే 4 కిలోల బూడిద వస్తుంది. కొట్టం గోడకో, మరుగుదొడ్డికో సొంతంగా సిమెంటు ఇటుకలు పోసుకునే చిన్న రైతుకు ఈ బూడిద అక్కరకొచ్చే వస్తువు. అయితే ఏ బూడిద, ఎంత అన్నది తెలిసి వేయాలి.

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం బయటికొస్తుంది. అది బలానికి పనికిరాదు, పైగా నీళ్లకు కరిగి ఇటుకలో సన్నని రంధ్రాలు మిగులుస్తుంది. పశువుల మూత్రం, ఎరువుల ఉప్పు ఆ రంధ్రాల నుంచే లోపలికి పోతాయి. కొట్టం గోడ అడుగు వరుసలు ముందుగా పొట్టు రాలడానికి కారణమిదే. ఊక బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికా ఉంటుంది. ఈ సిలికా ఆ సున్నాన్ని పట్టుకొని కొత్త జిగురుగా మారి రంధ్రాలను పూడుస్తుంది. రామగుండం ఎన్‌టీపీసీ బూడిద ఇటుకల్లో జరిగేదీ ఇలాంటి పనే. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మన దేశస్థుడే అయిన పి.కె. మెహతా 1970లలోనే ఊక బూడిదపై పరిశోధన చేశారు. మన దేశ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 (2000) కూడా, తగిన నాణ్యత ఉంటే, అధికారి అనుమతితో దీన్ని వాడవచ్చని చెప్పింది.

అన్ని బూడిదలూ ఒకటి కావు. 500 నుంచి 700 డిగ్రీల వేడిలో కాలిన, తెల్లగా లేక బూడిద రంగులో ఉన్నదే మేలు. నల్లగా ఉంటే బొగ్గు మిగిలిందన్న మాట, అది నీళ్లు ఎక్కువ తాగుతుంది. మరీ ఎక్కువ వేడికి కాలితే సిలికా మొద్దుబారి ఇసుకతో సమానమవుతుంది. పత్తికట్టె బూడిద, పొయ్యి బూడిద ఇందుకు పనికిరావు, వాటిని చేనుకే వేసుకోవాలి. పచ్చి ఊక, కూరగాయల తొక్కలు అసలే కలుపరాదు, అవి కుళ్లి ఇటుకను చెడగొడతాయి.

ఇక్కడ బెల్లం సంగతి చెప్పాలి. ఎలగందుల, నిర్మల్ కోటల కాలంలో సిమెంటు లేదు, కట్టుబడి అంతా డంగు సున్నమే. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలపడం మన పాత మేస్త్రీల పద్ధతి. 2022 మార్చిలో తిరిగి తెరిచిన యాదగిరిగుట్ట గుడిలో కూడా సున్నంతో బెల్లం, కరక్కాయ వాడారు. అది చూసి సిమెంటులో బెల్లం పోస్తే ఇటుక చేతికి రాదు. సున్నం గాలి పీల్చి నెలల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది, దానికి తీపి అడ్డు కాదు. సిమెంటు గంటల్లో బిగియాలి. 50 కిలోల బస్తాకు 25 గ్రాముల చక్కెర పడ్డా బిగియడం సుమారు 4 గంటలు ఆలస్యమవుతుంది. అరకిలో పడితే బస్తా మొత్తం నేలపాలే. చక్కెర, బెల్లం మోసిన సంచిలో ఇసుక తేవద్దని మేస్త్రీకి ముందే చెప్పాలి.

పాళ్లు ఇట్లా పెట్టుకోవచ్చు: 45 కిలోల సిమెంటుకు 5 కిలోల బూడిద. దీన్ని తూకంతోనే వేయాలి, బూడిద తేలిక గనుక గంపతో కొలిస్తే లెక్క తప్పుతుంది. మెత్తగా విసిరించి జల్లెడ పట్టాలి, ఎంత మెత్తగా ఉంటే అంత పని చేస్తుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి, ఈ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. ముందు సిమెంటు, బూడిద పొడిగా కలిపి తర్వాత ఇసుక, కంకర వేయాలి. ఈ ఇటుక మొదట్లో మెల్లగా బలం పుంజుకుంటుంది గనుక మూడు వారాలు తడిపితే మంచిది, వారానికే ఆపరాదు. స్లాబుకు, పిల్లర్లకు మాత్రం ఇంజనీరును అడగకుండా వాడరాదు.

అన్నీ ఒక్కసారే పోసుకోవద్దు. బూడిదతో పది, బూడిద లేకుండా పది పోసి, 28 రోజుల తర్వాత ఎండిన ఇటుకను తూచాలి. ఒక రోజంతా నీళ్లలో ముంచి, పైతడి తుడిచి మళ్లీ తూచాలి. నూటికి 10 పాళ్లకు మించి నీళ్లు పీల్చరాదని ప్రమాణం. అంటే 20 కిలోల ఇటుక 22 కిలోలు దాటితే ఆ బూడిదనో, ఆ పాళ్లనో మార్చుకోవాలి.