దుమ్ముగూడెపు గాయకులు

భద్రాచలమునకు ఎగువను, గోదావరి యెడమగట్టున దుమ్ముగూడెము కలదు. పంతొమ్మిదవ శతాబ్దిలో ఆ నదిపై పడవలు నడుపుటకై ఆర్థర్ కాటన్ తలపెట్టిన పనులను అచ్చట హెయిగ్ అను ఇంజనీరు నడిపించుచుండెను. అతని పూనికతో 1860 ప్రాంతమున ఆ గ్రామమున క్రైస్తవ మిషను వెలసినది. పడవల పని కొంతకాలమునకు ఆగిపోయెను. మిషను నిలిచినది, దానితోపాటు పాటయు నిలిచినది.

అయితే ఏ పాట పాడవలెను? ఇది చిన్న ప్రశ్న కాదు. దొరలు తమ దేశపు పాటలను తెనిగించి, ఆ వరుసలలోనే పాడించిరి. తెలుగున హ్రస్వదీర్ఘములు తారుమారైనచో అర్థమే మాఱును. 'పడి' యను మాటలోని తొలి యక్షరమును పరాయి వరుస సాగదీసెనా, అది 'పాడి' యగును. నేలపై పడి మ్రొక్కినవాడు పాడి మ్రొక్కినవాడగును! పిల్లలు నవ్వక యుందురా?

ఈ చిక్కును తీర్చినది కీర్తన. పల్లవి, అనుపల్లవి, చరణములు గల ఈ రచన ఆ సీమకు క్రొత్త కాదు. కంచర్ల గోపన్న భద్రాచలరాముని కొలిచినది దీనితోనే గదా. పురుషోత్తమ చౌదరి (1803-1890) క్రైస్తవ భక్తిని ఇదే రూపమున కూర్చెను. 1912లో డోర్నకల్ బిషప్పయిన అజరయ్య తమిళుడై యుండియు తెలుగు నేర్చి, ఆరాధనలో కీర్తనలను, భజనలను ప్రోత్సహించెను. దుమ్ముగూడెమును పిమ్మట ఆ అధ్యక్షఖండమునందే చేరినది.

ఇట్టి గ్రామముల గాయక బృందములకు జీతము లేదు. కూలీలు, రైతులు, ఉపాధ్యాయులు, బడిపిల్లలు ప్రొద్దుగ్రుంకిన పిదప కూడుదురు. తునికాకు కోయు వేసవి దినములలో వేకువనే అడవికి పోయి అలసి వచ్చినవారు కొందఱు కూర్చుండియే కునుకుదురు. హార్మోనియముపై శ్రుతి నిలుపుటయే మొదటి పని. స్త్రీలకు అనువైన శ్రుతి పురుషులకు ఎక్కువగును; నాయకుడు ఇరువురికి నడుమ నొకటి యెన్నవలెను. తరువాత ఊపిరి. దీర్ఘమైన చరణమున అందఱు ఒకేచోట ఊపిరి తీసినచో పాట తెగును. కావున ప్రక్కవాడు పాడుచుండగా ఒకడు తీసికొనును. అతడు మొదలిడగా రెండవవాడు తీసికొనును. వినువారికి ధార తెగినట్లు తోపదు. గొంతు చించుకొనువాడే గొప్ప గాయకుడని కొందఱి తలంపు. అట్టివాడొక్కడున్న చాలును, ఇరువదిమంది శ్రమ వృథా. ప్రక్కవాని గొంతు తన చెవికి వినబడుచున్నచో తన గొంతు తగినంతలో ఉన్నట్లు గ్రహింపవలెను.

కోయపిల్లలకు ఈ విద్య త్వరగా అబ్బును. చేతులు కలిపి వరుసగా ఆడుచు పాడు రేల పాటలలో ఒకరు అందీయగా తక్కినవారు అందుకొనుట వారు పసినాడే యెఱుగుదురు. ముదుసళ్ళలో చదువురాని వారికిని కీర్తనలెన్నో కంఠస్థములు. వారును ఆదివారము పుస్తకమును చేతబట్టి నిలుతురు. ఒక్కొక్కప్పుడు అది తలక్రిందులుగా నుండును. ప్రక్కనున్న పిల్లవాడు దానిని మెల్లగా త్రిప్పి పెట్టును.