కథలో దొరికే మాట

ఉద్దేశం

వైజ్ఞానిక కల్పనా కథను చదువుతూ కొత్త పదాలను గ్రహించే పద్ధతిని తెలియజేయడం, గ్రహించిన పదాన్ని ఎదుటివారికి అర్థమయ్యే విధంగా ప్రయోగించే నేర్పును పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

నిఘంటువును కంఠస్థం చేసినంత మాత్రాన పదసంపద అలవడదు. మాట ఒక సన్నివేశంలో, ఒకరి నోట, ఒక అవసరం కొద్దీ వినిపించినప్పుడే మనసులో నిలుస్తుంది. అందుకు కథ మంచి సాధనం. వైజ్ఞానిక కథలో లేని వస్తువులకు పేర్లు పెట్టవలసి వస్తుంది కనుక, మాటలు ఎలా పుడతాయో కూడా అక్కడ తెలుస్తుంది.

రాజమహేంద్రవరంలో జన్మించిన కందుకూరి వీరేశలింగం (1848–1919) శరీరశాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం వంటి విషయాలపై తెలుగులో గ్రంథాలు రచించారు. ఆంగ్ల రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1726లో వెలువరించిన గలివర్ యాత్రల స్ఫూర్తితో ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ అనే కల్పిత యాత్రాకథను కూడా ఆయనే రాశారు. అది నేటి అర్థంలో వైజ్ఞానిక కథ కాదు. అయినా శాస్త్రాన్ని బోధించే మాటలు, లేని లోకాన్ని చూపే మాటలు ఒకే కలం నుంచి రావచ్చునని ఆ రచనలు తెలుపుతాయి.

సాహిత్యంలో పుట్టిన మాట లోకవ్యవహారంలో స్థిరపడటం కూడా కద్దు. చెక్ రచయిత కరెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం ద్వారా ‘రోబో’ అనే మాట ప్రపంచానికి పరిచయమైంది. దానికి మూలమైన చెక్ పదానికి వెట్టిచాకిరి అని అర్థం. తెలుగువారు రోబోను ‘మరమనిషి’ అన్నారు. వరి పండే గోదావరి సీమలో ‘మర’ అనే మాట అందరికీ పరిచితమే. బియ్యపుమర, మరపడవ, మరమేకు మనం నిత్యం వినే పేర్లు. చెక్ మాటలో చాకిరి కనిపిస్తుంది. తెలుగు మాటలో యంత్రం కనిపిస్తుంది. ఒకే వస్తువును రెండు భాషలు రెండు వైపుల నుంచి చూశాయన్నమాట.

ఈ పాఠం కోసం కూర్చిన కింది కథాభాగంలోని సంఘటన కల్పితం. మొదటిసారి నిఘంటువు చూడకుండా చదవండి.

కథాభాగం: లంకలో మరమనిషి

అది 2086వ సంవత్సరం, శ్రావణమాసం. గోదావరి నడుమనున్న ఒక లంక గ్రామంలో, రేవు దగ్గర మరమనిషి కాపలా కాస్తున్నది. దాని సంవేదకాలు నీటి ఎత్తును క్షణక్షణం కొలుస్తున్నాయి. అర్ధరాత్రి దాని కంఠం మోగింది.

“ప్రవాహవేగం అనూహ్యంగా పెరుగుచున్నది. జలోపరితలం ప్రమాదస్థాయిని సమీపించుచున్నది. నివాసితులు తక్షణమే ఉన్నత ప్రదేశమునకు తరలవలెను.”

అరుగు మీద పడుకున్న తాత లేచి కూర్చున్నాడు. “ఏమంటోందే అది?” అని మనవరాలిని అడిగాడు. మరమనిషి అదే వాక్యాన్ని మరింత బిగ్గరగా వల్లించింది. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి గాని ఎవరూ కదలలేదు. రేవులో నీరు మరో మెట్టు ఎక్కింది.

మనవరాలు రేవుకు పరుగెత్తింది. “అలా చెబితే ఎవరికీ తెలియదు. ఎర్రనీరు మెట్లెక్కుతోంది, పశువుల పలుపులు విప్పండి, పంటు ఎక్కి ఏటిగట్టుకు పదండి అని చెప్పు!” అన్నది.

మరమనిషి ఒక్క క్షణం ఆగింది. “ఎర్రనీరు అను పదము నా పదకోశమున లేదు.”

“ఎగువ మట్టిని కలుపుకొని వచ్చే వరదనీరు. ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.”

మరమనిషి ఆ మాటలతోనే కేకవేసింది. తాత గబగబా పలుపులు విప్పాడు. తెల్లవారేసరికి లంక నీటిలో ఉంది; లంకవాళ్లు గట్టు మీద ఉన్నారు.

“నా పదకోశమున ఒక మాట చేరినది” అన్నది మరమనిషి.

తాత నవ్వాడు. “నాకూ ఒకటి చేరిందిలే. జలోపరితలం అంటే నీటి పైభాగమేనట. మా మనవరాలు చెప్పింది.”

పదపరిశీలన

1. సందర్భం: ‘సంవేదకాలు’ అనే మాట తెలియకపోయినా ‘కొలుస్తున్నాయి’ అనే క్రియ దాని పనిని చెబుతుంది. చుట్టూ ఉన్న మార్పును పసిగట్టి కొలిచే పరికరమని ఊహించవచ్చు. ముందుగా క్రియను చూడటం మంచి అలవాటు.

2. విభజన: జల + ఉపరితలం = జలోపరితలం, గుణసంధి. ‘ఉపరి’ అంటే పైన. పొడవైన శాస్త్రపదాలు చాలావరకు ఇటువంటి చిన్న పదాల కూర్పులే. విడదీస్తే భయం పోతుంది.

3. నిర్ధారణ: విభజన ఒక్కటే చాలదు. వాతావరణ వార్తల్లో వినిపించే ‘ఉపరితల ఆవర్తనం’ నేల ఉపరితలానికి సంబంధించినది కాదు. అది వాతావరణంలో కొంత ఎత్తున ఏర్పడే గాలి సుడి. అందుచేత ఊహించిన అర్థాన్ని నిఘంటువులోనో, అధ్యాపకుల ద్వారానో సరిచూసుకోవాలి. ఆపైన ఆ పదంతో సొంతవాక్యం రాయాలి.

కథలోని సమస్య మన జీవితానికి దూరమైనది కాదు. ధవళేశ్వరం వద్ద వరద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 13 లక్షలకు రెండవదానిని, 17 లక్షలకు మూడవదానిని జారీ చేస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అనగా సుమారు 28.3 లీటర్లు. ఆ లెక్కన 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు సుమారు 2 కోట్ల 83 లక్షల లీటర్లు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి 17 లక్షల క్యూసెక్కులను మించి పొంగింది. అటువంటి వేళ ‘క్యూసెక్కు’ తెలిసిన విద్యార్థి ప్రమాదం ఎంతటిదో గ్రహించగలడు. ‘ఎర్రనీరు’ కూడా తెలిసినవాడు దానిని ఇంటివారికి వివరించగలడు. శాస్త్రపదం కొలతను ఇస్తుంది; ఊరిమాట ఆ కొలతను మనుషుల దగ్గరకు చేరుస్తుంది. రెండూ ఎరిగినప్పుడే పదసంపద సార్థకమవుతుంది.

అర్థాలు

అనూహ్యం = ఊహకు అందనిది
తక్షణం = వెంటనే
లంక = నదీప్రవాహం నడుమ ఏర్పడిన దీవి
రేవు = నీటిలోకి దిగే చోటు
పలుపు = పశువును కట్టే తాడు
పంటు = మనుషులను, బండ్లను ఏరు దాటించే వెడల్పైన పడవ

వ్యాకరణం

ప్రవాహవేగం = ప్రవాహం యొక్క వేగం – షష్ఠీ తత్పురుష సమాసం
ప్రమాదస్థాయి = ప్రమాదం యొక్క స్థాయి – షష్ఠీ తత్పురుష సమాసం
మెట్లెక్కు = మెట్లు + ఎక్కు – ఉత్వసంధి

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో సమాధానం రాయండి.
1. మరమనిషి మొదటి హెచ్చరిక విని కూడా గ్రామస్థులు ఎందుకు కదలలేదు?
2. ‘రోబో’ అనే పదానికి మూలమైన చెక్ పదానికి అర్థమేమిటి?

ఆ) లఘుసమాధానాలు రాయండి.
1. తెలియని పదానికి అర్థం గ్రహించే మూడు దశలను సోదాహరణంగా వివరించండి.
2. తాత, మరమనిషి ఒకరి నుంచి ఒకరు ఏమి నేర్చుకున్నారు?

ఇ) ‘మర’ అనే పదంతో మొదలయ్యే మరో రెండు పదాలను సేకరించి సొంతవాక్యాలలో ప్రయోగించండి.

ఈ) మీ ఇంటి పెద్దలను అడిగి నీరు, గాలి, నేలలకు సంబంధించిన ఐదు ఊరిమాటలను సేకరించండి. వాటికి సమానమైన శాస్త్రపదాలను పక్కన రాసి, రెండు రకాల మాటలనూ ఉపయోగిస్తూ పది వాక్యాల వైజ్ఞానిక కథ రాయండి.